కంటి కొసకు కనిపించింది ఎంతవరకు నమ్మొచ్చు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఐదు ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. ఎదురుగా ఒకదాన్ని చూస్తున్నప్పుడు, పక్కన ఉన్నది సరిగ్గా ఎక్కడుందో కంటికి ఎంతవరకు తెలుస్తుంది? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పీహెచ్‌సీల్లో ఆప్తాల్మిక్ ఆఫీసరుగా పనిచేసినన్నాళ్ళూ అందరూ నన్ను అడిగింది దగ్గరచూపు, దూరపుచూపు గురించే. పక్కచూపు గురించి అడిగేవాళ్ళు చాలా తక్కువ. అందుకే ఇలాంటి ఉత్తరాలు ఇన్ని కలిసి రావడం నాకు ఎంతో సంతోషంగా ఉంది. కళ్ళజోళ్ళ నంబర్ల గురించీ, కంటి చుక్కల గురించీ రాసినవాళ్ళు వచ్చే నెల దాకా ఓపిక పట్టండి. ఈసారి చోటంతా ఈ ఐదుగురిదే.

మేడమ్ గారూ, మాది విజయనగరం. క్రితం ఏడాది సిరిమానోత్సవానికి మా ఆరేళ్ళ బాబును తీసుకుని కోట దగ్గర నిలబడ్డాను. సిరిమాను వస్తుంటే అటు చూస్తూనే, కంటి కొసతో బాబును కనిపెట్టుకుని ఉన్నాను. వాడి పసుపు చొక్కా ఎడమ పక్కన కనబడుతూనే ఉంది. తల తిప్పేసరికి అది వేరే పిల్లాడు! మావాడు నాలుగడుగుల వెనక వాళ్ళ మావయ్య చెయ్యి పట్టుకుని ఉన్నాడు. ఏమీ కాలేదు గానీ, మా అత్తగారు ఇప్పటికీ "గుంటడి మీద చూపు ఉండొద్దా" అంటున్నారు. నేను చూస్తూనే ఉన్నానండీ. నా కళ్ళలో ఏమైనా లోపం ఉందా?
– ఒక తల్లి, విజయనగరం

అమ్మా, మీరు చూస్తూనే ఉన్నారు. ఆ మాట నిజం, అత్తగారికి ఈ పేజీ చదివి వినిపించండి. మీ కంటి కొసకు పసుపు చొక్కా కనబడింది, అది అక్కడ ఉంది కూడా. కాకపోతే "పసుపుగా ఏదో ఎడమ పక్కన ఉంది" అని చెప్పడం వరకే ఆ చూపు వల్ల అవుతుంది. అది ఎవరిది, పక్కనున్న తలకు ముందుందా వెనకుందా, చెయ్యి చాపితే అందుతుందా అన్నవి చెప్పడం దానివల్ల కాదు. మీ ఒక్కరికే కాదు, ఎవరికైనా అంతే.

చెయ్యి బారుగా చాపి బొటనవేలు నిలబెట్టండి. ఆ గోరు వెడల్పు మన చూపులో సుమారు 2 డిగ్రీలు. బాగా స్పష్టంగా చూడటమనేది దాదాపు ఆ మేరకే జరుగుతుంది. కంటి వెనక రెటీనా మధ్యలో ఫోవియా అనే చిన్న పల్లం ఉంటుంది. దాని వెడల్పు ఒకటిన్నర మిల్లీమీటర్లు. పగటి చూపుకు, రంగులకు పనికొచ్చే కోన్ కణాలు దాని నడిబొడ్డున చదరపు మిల్లీమీటరుకు లక్షన్నర నుంచి రెండు లక్షల దాకా కిక్కిరిసి ఉంటాయి. అక్కడి నుంచి పక్కకు జరిగిన కొద్దీ ఆ సంఖ్య దబ్బున పడిపోతుంది. మెదడు కూడా ఈ నడిమి చూపుకే పెద్దపీట వేస్తుంది. కంటి నుంచి వచ్చిన సమాచారాన్ని మొదట అందుకునే భాగంలో దాదాపు సగం నడిమి 10 డిగ్రీలకే పోతుంది. రెండు కళ్ళూ కలిసి 180 డిగ్రీలకు పైగా చూస్తాయి కదా, ఆ మిగిలినదంతా రెండో సగంతో సర్దుకోవాలి.

ఇంతవరకూ చెప్పింది మసక గురించి. మిమ్మల్ని ఆరోజు మోసం చేసింది మసక కాదు, రద్దీ. ఇది మీకు కళ్ళారా చూపిస్తాను. ఈ పేజీలో ఏదైనా ఒక అక్షరం మీద చూపు నిలిపి, కదపకుండా, అదే వరసలో కుడి పక్కన రెండు మూడు మాటల అవతల ఏముందో చదవడానికి ప్రయత్నించండి. అక్షరాలున్నాయని తెలుస్తుంది. గుండ్రంగా ఉన్నాయని, కింద ఒత్తులున్నాయని కూడా తెలుస్తుంది. కానీ ఆ ఒత్తు ఏ అక్షరం కిందిదో, ఆ గుడి ఏ అక్షరం మీదిదో తెలియదు. "రాష్ట్రం" లాంటి మాటైతే మరీ కలగాపులగం అయిపోతుంది. ఇప్పుడు అందులోని ఒక అక్షరాన్నే అంతే సైజులో తెల్లకాగితం మీద ఒంటరిగా రాసి, అంతే దూరంలో పెట్టండి. చదివేస్తారు! కంటికి ఆ అక్షరం అందుతోంది. చుట్టుపక్కలవి వచ్చి పడటం వల్ల ఏ ముక్క ఎక్కడిదన్న లెక్క తప్పుతోంది.

హెర్మన్ బౌమా అనే డచ్ శాస్త్రవేత్త 1970లో దీనికి ఒక కొలత చెప్పాడు. చూపు నిలిపిన చోటు నుంచి ఒక వస్తువు ఎంత దూరంలో ఉందో, అందులో సుమారు సగం మేర దాని చుట్టూ ఖాళీ ఉండాలి. అంతకన్నా దగ్గరగా ఇంకేదైనా ఉంటే రెండూ కలిసిపోతాయి. మీ విషయంలో లెక్క వేద్దాం. మీ చూపు సిరిమాను మీద ఉంది. బాబు మీకు మీటరు దూరంలో, ఆ చూపుకు 40 డిగ్రీలు ఎడమగా ఉన్నాడనుకుందాం. అందులో సగం 20 డిగ్రీలు. మీటరు దూరంలో అది సుమారు 36 సెంటీమీటర్లు. ఆ మంగళవారం సాయంత్రం కోట ముందు ఏ పిల్లాడి చుట్టూ 36 సెంటీమీటర్ల ఖాళీ ఉంటుంది చెప్పండి? భుజాలు, సంచులు, పూలదండలు, ఎవరి భుజం మీదో ఎక్కిన ఇంకో పిల్లాడి కాళ్ళు, అన్నీ ఆ గిరి లోపలే ఉంటాయి. పైగా మనం చూస్తున్న వైపు ఉన్న పొరుగువాడికన్నా అవతలి వైపు ఉన్న పొరుగువాడే ఎక్కువ చెరుపు చేస్తాడని తర్వాతి పరిశోధనల్లో తేలింది. అంటే మీ బాబుకు ఆవలి పక్క వచ్చి నిలబడిన పసుపు చొక్కా, వాడి స్థానాన్నే ఆక్రమించినట్టు మీకు అనిపించడంలో వింత లేదు.

పైడితల్లమ్మ సిరిమాను గుడి దగ్గర నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. ఈ ఏడాది వెళ్ళినప్పుడు బాబు మణికట్టు పట్టుకోండి. చూపుతో కాపలా కాయాలంటే నిజంగా కన్ను వాడి మీదకు తిప్పి ముఖం చూడాలి. అర సెకను చాలు. మన కళ్ళు మామూలుగానే సెకనుకు మూడుసార్లు చోటు మారుస్తుంటాయి, అందులో ఒకటి వాడికి ఇవ్వండి. సిరిమాను మీద కూర్చున్న పూజారి గారు అంతలో దాటిపోరు.

మేడమ్, నేను బొబ్బిలిలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. పక్కచూపు ఎంత కచ్చితమో కాలేజీ సైన్స్ ఫెయిర్‌లో కొలిచి చూపించాలని ఉంది. పరికరాలేవీ లేవు. ఇంకో డౌట్: పక్కన చూపు అంత తక్కువైతే ప్రపంచమంతా మసకగా ఎందుకు కనబడదు?
– ఒక విద్యార్థి, బొబ్బిలి

బాబూ, నీకు కావాల్సింది టైలర్ల టేపు, బొట్టుబిళ్ళల అట్ట, ఓపికున్న స్నేహితుడు. అంతే.

ముందు ఒక కిటుకు గుర్తుపెట్టుకో. గోడకు 57 సెంటీమీటర్ల దూరంలో కన్ను పెడితే, గోడ మీద ఒక సెంటీమీటరు అంటే ఒక డిగ్రీ. 57 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీస్తే చుట్టుకొలత 358 సెంటీమీటర్లు వస్తుంది, 360 డిగ్రీలకు దాదాపు సరిపోతుంది. లెక్క నువ్వే చేసి చూడు. బల్ల మీద పుస్తకాలు పేర్చి గడ్డం వాటి మీద ఆనించు, లేకపోతే తల కదిలిపోయి దూరం మారుతుంది.

మొదటి ప్రయోగం గుడ్డి చుక్కది. గోడ మీద ఒక బొట్టుబిళ్ళ, దానికి సరిగ్గా 15 సెంటీమీటర్లు కుడిగా ఇంకొకటి, ఒక్క పిసరు కిందికి. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో ఎడమ బిళ్ళనే చూడు. కుడి బిళ్ళ మాయమవుతుంది. కాకపోతే దాన్ని కాస్త అటూ ఇటూ జరిపించు, చోటు దొరుకుతుంది. కంటి నరం బయటికి వెళ్ళే చోట వెలుగును పట్టే కణాలే ఉండవు. ఎద్మ్ మారియట్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1660ల్లో దీన్ని కనిపెట్టాడు. వెడల్పు సుమారు 5 డిగ్రీలు, అంటే నీ గోడ మీద 5 సెంటీమీటర్లు. ఒక నిమ్మకాయ మొత్తం అందులో దాక్కుంటుంది. అంత ఖాళీ ఉన్నా అక్కడ నల్లటి చిల్లు కనబడదు, సున్నం వేసిన గోడే కనబడుతుంది. చుట్టూ ఉన్నదాన్ని బట్టి మెదడు ఆ చోటు నింపేస్తుంది. దీన్ని స్టాల్ ముందు పెట్టు, జనం ఆగుతారు.

రెండోది నాకు చాలా ఇష్టమైనది. వరండా గోడ మీద రెండు నల్లటి కాగితపు పట్టీలు నిలువుగా, ఒకదాని కింద ఒకటి అంటించు. పైదాన్ని ఒక్క మిల్లీమీటరు పక్కకు జరుపు. 10 మీటర్ల దూరంలో నిలబెట్టి "ఏ పక్కకు జరిగింది?" అని అడుగు. మంచి వెలుతురులో చాలామంది చెప్పేస్తారు. బాగా అభ్యాసం ఉన్నవాళ్ళయితే 5 ఆర్క్ సెకన్ల (డిగ్రీని 3600 భాగాలు చేస్తే ఒక భాగం ఒక ఆర్క్ సెకను) తేడా కూడా పడతారు, 10 మీటర్ల దగ్గర అది పావు మిల్లీమీటరు. ఇది ఎంత గొప్ప విషయమో ఆలోచించు. ఫోవియాలో పక్కపక్క కోన్ కణాల ఎడం అదే దూరానికి లెక్కిస్తే దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు వస్తుంది. కణాల ఎడం కన్నా ఎన్నో రెట్లు చిన్న తేడాను మెదడు పట్టుకుంటోంది! ఎన్నో కణాల నుంచి వచ్చిన కబురును కలిపి బేరీజు వేయడం వల్లే ఇది సాధ్యమవుతుంది. గెరాల్డ్ వెస్ట్‌హైమర్ అనే శాస్త్రవేత్త 1975లో దీనికి హైపర్‌అక్యూటీ అని పేరు పెట్టాడు.

ఇప్పుడు అదే పట్టీలకు ఒకటీ ముప్పావు మీటర్లు పక్కన ఒక గుర్తు పెట్టి, దాన్నే చూస్తూ సమాధానం చెప్పమను. అది 10 డిగ్రీల పక్కచూపు. ఆ చోట అక్షరాలు చదివే చూపు సుమారు నాలుగైదు రెట్లు తగ్గుతుంది. వరస తప్పిందని పట్టే చూపు మాత్రం పది రెట్లకు మించి పడిపోతుంది. నీ ఛార్టులో ఈ రెండు గీతలనూ పక్కపక్కన గీసి చూపించు. "ఏముంది" అన్నదానికన్నా "ఎక్కడుంది" అన్నది పక్కచూపులో ఇంకా తొందరగా చెడుతుందని ఆ గీతలే చెప్తాయి.

మూడోదానికి మళ్ళీ 57 సెంటీమీటర్ల దగ్గరికి రా. నువ్వు నడిమి బిళ్ళను చూస్తుండగా స్నేహితుడు పక్కన ఎక్కడో ఒక బిళ్ళను చూపించి తీసెయ్యాలి. రెండు సెకన్లు ఆగి, అది ఎక్కడుండిందో చూపు కదపకుండానే పెన్సిల్‌తో గుర్తు పెట్టు. ఇలా చాలాసార్లు చేసి, అసలు చోటుకూ నీ గుర్తుకూ తేడా రాసుకో. చాలామందిలో గుర్తులు అసలు చోటు కన్నా నడిమి బిళ్ళ వైపుకు జరిగి ఉంటాయి. జ్ఞాపకంలో చోటు అలా లోపలికి కుదించుకుపోతుందని భావిన్ శేఠ్, షిన్సుకే షిమోజో 2001లో చూపించారు. ముందే ఫలితం చెప్పకుండా మీ క్లాసువాళ్ళతో చేయించు. చెబితే కావాలని అటే గుర్తు పెడతారు.

మసక డౌటుకు జవాబు చిన్నది. పక్కన మసకగా ఉందేమోనని అనుమానం వచ్చిన మరుక్షణం కన్ను అక్కడికి వెళ్ళిపోతుంది, వెళ్ళగానే స్పష్టంగా కనబడుతుంది. అందుకే మసక ఎప్పుడూ మన చేతికి చిక్కదు.

మేడమ్ గారికి నమస్కారం. ఆమదాలవలస దగ్గర హైస్కూల్లో పీఈటీని. కబడ్డీ ఆడిస్తాను. కొందరు రైడర్లకు ఎదుటివాణ్ణి చూస్తూనే రెండు కార్నర్లూ ఎక్కడున్నారో తెలిసిపోతుంది. కొందరు ఎంత చెప్పినా పక్కవాడికి దొరికిపోతారు. ఇది పుట్టుకతో వచ్చేదా, నేర్పితే వచ్చేదా?
– ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం జిల్లా

మాస్టారూ, కరణం మల్లీశ్వరిని ఇచ్చిన మండలం నుంచి ఆటల ప్రశ్న రావడం గౌరవంగా ఉంది.

సీనియర్ మగవాళ్ళ కోర్టు కొలతలే తీసుకుందాం: 13 మీటర్లు పొడవు, 10 మీటర్లు వెడల్పు. మధ్యగీత నుంచి 3.75 మీటర్ల దగ్గర, రైడర్ దాటాల్సిన బాక్ లైన్. రైడర్ ఆ గీత మధ్యలో నిలబడితే వెనక గీత ఇంకా 2.75 మీటర్లే ఉంటుంది, పక్క గీతలు చెరో 5 మీటర్లు. మూల దగ్గర కాచుకున్న కార్నర్, రైడర్ సూటి చూపుకు దాదాపు 60 డిగ్రీలు పక్కన పడతాడు. రెండు కార్నర్లూ ఒకేసారి కంటి పరిధిలోనే ఉంటారు, కానీ ఇద్దరిలో ఎవరూ స్పష్టంగా ఉండరు. ఒక్క డిగ్రీ తప్పు 5 మీటర్ల దూరంలో దాదాపు 9 సెంటీమీటర్లు. పాదం అందుతుందా లేదా అన్నది తేల్చేది ఆ 9 సెంటీమీటర్లే. ఇక 60 డిగ్రీల పక్కన ఒక డిగ్రీ లోపు కచ్చితత్వం ఏ పిల్లాడి నుంచీ ఆశించకూడదు.

అయినా మీ మంచి రైడర్లు ఎలా తప్పించుకుంటున్నారు? కదలిక వల్ల. పక్కచూపు రూపం విషయంలో బలహీనమే గానీ, ఏదైనా కదిలిందంటే చప్పున పసిగడుతుంది. కార్నర్ మోకాలు వంచగానే వాళ్ళకు తెలిసిపోతుంది. అయితే ఇక్కడే ఒక గోతి ఉంది. రసెల్ డి వాలోయిస్, కారెన్ డి వాలోయిస్ దంపతులు 1991లో ఒక ప్రయోగం చేశారు. గడి కదలదు, దానిలోపలి చారలు మాత్రం ఒక పక్కకు జరుగుతూ ఉంటాయి. చూసేవాళ్ళకు గడే ఆ పక్కకు జరిగినట్టు అనిపించింది. చూపుకు దూరంగా పక్కకు పోయిన కొద్దీ ఆ తప్పు పెరిగింది. 2009లో ఆర్థర్ షాపిరో బృందం చేసిన భ్రమ ఇంకా ముచ్చటగా ఉంటుంది. సూటిగా కిందికి దిగే బంతి, లోపలి చారలు కదలడం వల్ల కంటి కొసకు వంకరగా పోతున్నట్టు కనబడుతుంది. నేరుగా చూస్తే సూటిగానే దిగుతుంది. దీన్ని బట్టి నాకు అనిపించేది చెప్తాను: కార్నర్ పాదం కదపకుండా చేతులు ఊపుతూ ఉంటే, రైడర్‌కు అతని ఒళ్ళంతా అటు జరిగినట్టు తోచే అవకాశం ఉంది. మీ డిఫెండర్లతో చేయించి చూడండి. నా ఊహ నిజమో కాదో మీ కోర్టే చెప్పగలదు.

నేర్పితే వస్తుందా అంటే, వస్తుంది. అభ్యాసంతో పక్కచూపులో వరస తప్పు పట్టడం మెరుగవుతుందనీ, అక్షరాల రద్దీ కొంత తగ్గుతుందనీ పరిశోధనల్లో తేలింది. కానీ అలా వచ్చిన మెరుగు చాలావరకు అభ్యాసం చేసిన చోటికే, చేసిన పనికే అంటిపెట్టుకుని ఉంటుంది. అందుకని కంటి వ్యాయామాల పేరుతో గోడ మీద చుక్కలు చూపించి టైము పాడుచేయకండి. కోర్టులోనే చేయించండి. రైడర్ ఎదుటివాడి ఛాతీ మీద చూపు నిలపాలి. కార్నర్ ముందు సున్నంతో ఒక గీత గీసి, పాదం గీత మీద పెట్టాడా వెనక పెట్టాడా రైడర్ చెప్పాలి. చెప్పిన వెంటనే తల తిప్పి చూసి తప్పో ఒప్పో తెలుసుకోవాలి. ఆ తిప్పి చూసుకోవడం మానేస్తే తప్పు తప్పుగానే స్థిరపడుతుంది. ఎడమ, కుడి రెండూ విడివిడిగా చేయించండి, ఒక పక్క నేర్చింది రెండో పక్కకు దానంతట అది రాదు.

ఇంకో మాట. అన్నా కోసోవిచేవా, డేవిడ్ విట్నీ 2017లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, పక్కన ఉన్నదాని చోటును ఒక్కొక్కరు ఒక్కో తీరుగా తప్పు అంచనా వేస్తారు. ఒకరికి పైన కుడిలో బయటికి జరిగితే, ఇంకొకరికి అదే చోట లోపలికి. ఆ తీరు కొన్ని నెలల తర్వాత పరీక్షించినా మారలేదు. కాబట్టి "ఎంత చెప్పినా తెలియదు" అన్న ఆ పిల్లల్ని ఇంకెప్పుడూ కోప్పడకండి మాస్టారూ. ఏ పక్క, ఎటు తప్పుతున్నారో ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఎప్పుడూ ఎడమ కార్నర్‌ను ఉన్నదానికన్నా దూరంగా అనుకునే పిల్లాడికి "ఎడమ పక్క ఒక అడుగు ఎక్కువ వదులు" అంటే చాలు, దొరకడం తగ్గుతుంది.

మాది బారువ దగ్గర మత్స్యకారుల కుటుంబం. రాత్రి వేటలో దూరంగా చిన్న దీపం కనబడితే, సూటిగా చూస్తే మాయమైపోద్ది, పక్కకు చూస్తే కనబడతాది. మా తాత "దీపాన్ని చూడకు, దీపం పక్కన చూడు" అనేవాడు. కానీ అలా చూస్తే దీపం ఊగుతున్నట్టు, జరుగుతున్నట్టు ఉంటాది. ఎందుకు?
– ఒక పాఠకుడు, బారువ

మీ తాతగారు చెప్పింది పూర్తిగా సరైనది. చీకట్లో పనిచేసేవి రాడ్ కణాలు. చూపు నడిబొడ్డున అవి అసలు ఉండవు. అక్కడి నుంచి 15–20 డిగ్రీల పక్కన అన్నిటికన్నా దట్టంగా ఉంటాయి. నక్షత్రాలు చూసే శాస్త్రవేత్తలు కూడా మసక నక్షత్రం కోసం మీ తాతగారి పద్ధతే వాడతారు.

ఊగడం మాత్రం వేరే సంగతి. చుట్టూ ఇంకేమీ కనబడని చీకట్లో ఒక్క చుక్క వెలుగు ఉంటే, దాని చోటు చెప్పడానికి కంటికి పట్టు దొరకదు. నిలబడి ఉన్నదే జరుగుతున్నట్టు తోస్తుంది. జర్మన్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ అంతటివాడు 1799లో నక్షత్రాలు ఊగుతున్నాయని రాసుకున్నాడు. దీపం నిజంగా కదులుతోందో లేదో తేల్చుకోవాలంటే తల నిలకడగా పెట్టి, పడవ అంచుకో నిలబెట్టిన కర్రకో దాన్ని ఆనించినట్టు చూడండి. పడవ ఊగుతుంది గనక ఒకసారి చూసి వదలకండి, కాసేపు చూడండి. అవతలి పడవ మీవైపు వస్తోందన్న అనుమానం ఉంటే మాత్రం చూపును నమ్ముకుని ఆగొద్దు, టార్చి వేసి బేగి పక్కకు తప్పుకోండి.

అమ్మా, నాకు 62 ఏళ్ళు. పలాసలో జీడిపప్పు పరిశ్రమలో సూపర్‌వైజరుగా చేశాను. కొన్ని నెలలుగా గుమ్మాలకు భుజాలు తగులుతున్నాయి. బజారులో మనుషులు పక్కనుంచి ఊడిపడినట్టు వస్తున్నారు. కళ్ళజోడు షాపులో చార్టు మొత్తం చదివేశాను, "చూపు బ్రహ్మాండం" అన్నారు. వయసు వల్లేనంటారా? మా నాన్నగారికి చివర్లో చూపు పోయింది.
– ఒక పాఠకుడు, పలాస

అయ్యా, పైన నలుగురికీ "ఇది అందరికీ ఉండేదే" అన్నాను. మీకు ఆ మాట అనలేను. పక్కన ఉన్నది సరిగ్గా ఎక్కడుందో తెలియకపోవడం సహజం. పక్కన మనిషి ఉన్నట్టే తెలియకపోవడం సహజం కాదు. చార్టు చదవడం ఆ బొటనవేలి మేర చూపుకు పెట్టే పరీక్ష మాత్రమే. చుట్టూ ఉన్న చూపు చాలావరకు పోయినా ఆ నడిమి ముక్క మిగిలి ఉంటే చివరి వరస దాకా చదివేయొచ్చు. ఇలాంటి వాళ్ళను క్యాంపుల్లో చూశాను గనకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేయించుకోండి. మీ అమ్మాయినో అబ్బాయినో మీకు ఎదురుగా, మీటరు దూరంలో, కళ్ళు సమానమైన ఎత్తులో ఉండేలా కూర్చోబెట్టండి. మీరు ఎడమ కన్ను మూస్తే వాళ్ళు కుడి కన్ను మూయాలి. ఇద్దరూ ఎదుటివారి తెరిచిన కన్నునే చూస్తుండాలి. వాళ్ళు ఇద్దరికీ సరిగ్గా మధ్య దూరంలో చెయ్యి బయటి నుంచి మెల్లగా లోపలికి తెస్తూ వేలు ఆడించాలి. కనబడగానే మీరు చెప్పాలి. కుడి, ఎడమ, పైన, కింద, ఐమూలగా. తర్వాత రెండో కన్ను. వాళ్ళకు కనబడ్డాక చాలాసేపటికి గానీ మీకు కనబడకపోతే అక్కడ మీ చూపు తగ్గినట్టే.

ఇది చేసేటప్పుడు మీ కన్ను తప్పకుండా వేలు వైపు పరిగెడుతుంది. నేను క్యాంపులో "నా కంట్లోకే చూడండి" అని ఎన్నిసార్లు చెప్పినా అందరి కళ్ళూ పరిగెత్తేవి. వేలు కదిలీ కదలగానే నల్లగుడ్డు అటు దూకుతుంది. దగ్గరగా చూస్తే ఆ దూకుడు ఒక్కసారిగా గురికి చేరదు. వెళ్ళాల్సిన దూరంలో పదో వంతు తక్కువపడి ఆగుతుంది, వెంటనే ఇంకో చిన్న గెంతు వేసి సరిచేసుకుంటుంది. ఇది మంచి కళ్ళలోనూ ఉంటుంది, కంగారు పడకండి. కన్ను దూకిన ప్రతిసారీ ఆ లెక్క వదిలేసి మళ్ళీ మొదలుపెట్టమనండి. అసలు దూకనే లేదంటేనే ఆలోచించాలి, ఆ పక్క ఏమీ కనబడి ఉండకపోవచ్చు.

మీరు చెప్పిన గుర్తులు, నాన్నగారి సంగతి కలిపి చూస్తే నాకు మొదట వచ్చే అనుమానం నీటి కాసులు, అంటే గ్లకోమా. కంటి నరం మెల్లగా దెబ్బతింటుంది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. కంటి లోపలి ఒత్తిడి మామూలుగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల (పాదరసం కొలతలో) మధ్య ఉంటుంది. చాలామందిలో ఇది పెరుగుతుంది గానీ, ఒత్తిడి మామూలుగా ఉన్నా ఈ జబ్బు రావచ్చు. అందుకని ఒత్తిడి ఒక్కటే చూసి "బాగుంది" అంటే ఊరుకోకండి. కంటి నరం చూడమని, ఫీల్డ్ టెస్ట్ చేయమని అడగండి. గిన్నె లాంటి పరికరంలోకి చూస్తూ, పక్కన చిన్న వెలుగు కనబడినప్పుడల్లా బటన్ నొక్కుతారు, అంతే. ఒక కన్నుకు కొద్ది నిమిషాలు పడుతుంది. మొదటిసారి చాలామందికి టెన్షన్‌తో తప్పులు వస్తాయి, రెండోసారి పెడితే విసుక్కోకండి. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నది నిలబెట్టడానికి చుక్కలు, లేజర్, ఆపరేషన్ ఉన్నాయి. చుక్కలు రాస్తే రోజూ అదే వేళకు వేసుకోవాలి, బాగుందని మానేయకూడదు.

ఒకవేళ రెండు కళ్ళలోనూ ఒకే పక్క, రెండిట్లోనూ కుడివైపే లేదా రెండిట్లోనూ ఎడమవైపే తగ్గిందని తేలితే, అది కంటిది కాకుండా మెదడుకు సంబంధించింది కావచ్చు. ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. అది హఠాత్తుగా వచ్చిందయితే ఈ పత్రిక పక్కన పెట్టి ఈ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. పరీక్ష అయ్యేదాకా బండి నడపొద్దు, రోడ్డు దాటేటప్పుడు ఆగి తల పూర్తిగా రెండు పక్కలా తిప్పి చూడండి. మీకు తమ్ముళ్ళో చెల్లెళ్ళో ఉంటే వాళ్ళకు కూడా ఫోన్ చేసి పరీక్ష చేయించుకోమనండి, తోడబుట్టినవాళ్ళకు ఈ జబ్బు వచ్చే అవకాశం మిగతావాళ్ళకన్నా చాలా ఎక్కువ.